ఎండలో పెట్టిన బ్యాటరీలు

దానయ్య పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఆ మాట అనని తెలుగువాడు లేడు. పాట దగ్గర మాత్రం ఆ పిసినారితనం పనిచేసేది కాదు. శనివారం భజన వచ్చిందంటే గొంతు విప్పి పాడేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ పాట ఒక్క క్యాసెట్‌లో మిగిలింది. భార్య దాలమ్మ దాన్ని చీర మడతల్లో దాచుకుంది కానీ, విందామంటే ఇంట్లో టేపురికార్డరు ఎప్పుడో పాడైపోయింది.

ఊళ్లోనే మోవా పేటలో ఉండే గిరిధర్ పాత క్యాసెట్లు బాగుచేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తాడని విని ఆటో ఎక్కింది. అతను బూజు తుడిచి, తెగినచోట టేపు అతికించి, కొన్నాళ్లకు కబురు పెట్టాడు. దాలమ్మ నున్నగా తల దువ్వుకుని మరీ వెళ్లింది.

పాట మొదలైంది. గొంతు సన్నగా ఉంది, తొందర తొందరగా ఉంది. చివర్లో ఏదో కీచుమని ఆగిపోయింది. అది దానయ్యలా లేదు. పోనీ కాదందామా అంటే, అసలు గొంతు ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా ఆమెకు అందలేదు. ముఖం మరిచిపోతే గోడ మీద ఫొటో ఉంది. గొంతు మరిచిపోతే ఎవర్ని అడగాలి?

"ఆయనేనా పిన్నీ?" అన్నాడు గిరిధర్.

"ఏమో బావు. తెల్దు."

ఆ మాట అన్నందుకు ఆమెకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. గిరిధర్ దీన్ని కరెంటు మీద రికార్డు చేశారా, బ్యాటరీల మీదా అని అడిగాడు. దాలమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. కొత్త బ్యాటరీలు కొనే మొహమా ఆయనది? అయిపోయినవాటిని డాబా మీద వడియాల పక్కన ఎండబెట్టి మళ్లీ వేసేవాడు.

అదీ సంగతి అన్నాడు గిరిధర్. నీరసించిన బ్యాటరీలతో రికార్డరు మెల్లగా తిరిగింది. అందుకే ఇప్పుడు మామూలు వేగంతో తిప్పితే గొంతు సన్నబడి పరుగెడుతోంది. వేగం తగ్గించడం తేలికే, ఎంత తగ్గించాలన్నదే చిక్కు. తోచినట్టు తగ్గిస్తే అది దానయ్య గొంతు కాదు, గిరిధర్ ఊహించిన గొంతు అవుతుంది.

పాట వెనకాల హారతి గంట మోగుతోంది. ఆనాడు దాన్ని వాయించింది దాలమ్మే. ఆ గంట ఇప్పటికీ ఆమె దేవుడి గూట్లోనే ఉంది. మర్నాడు కొంగులో చుట్టి తెచ్చింది.

ఆమె గంట కొడుతుంటే గిరిధర్ పాట వేగాన్ని కొంచెం కొంచెంగా దించాడు. ఇంకా, ఇంకా అంటూ వచ్చింది దాలమ్మ. టేపులో గంటా చేతిలో గంటా ఒకటిగా మోగిన చోట చాలంది. గొంతు మరిచిపోయింది గానీ గంట ఆమెకు తెలుసు, రోజూ వింటున్నదే.

పాట మళ్లీ మొదటినుంచి పెట్టాడు. బరువుగా, కాస్త ముక్కుతో, దానయ్య వచ్చేశాడు. ఈసారి ఆమెను ఎవరూ ఏమీ అడగనక్కర్లేకపోయింది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా వింది.

పాట సగంలో ఉండగా ఆ గొంతు విసుక్కుంది.

"ఓలే దాలీ, బేటరీలు అయిపోతన్నాయి. బంద్ సెయ్యి."

ఆనాడు ఆమె మొగుడి మాట విని మీట నొక్కేసింది. పాట అక్కడితో ఆగిపోయింది.

దాలమ్మ కంప్యూటర్ దగ్గరికి వంగింది.

"ఇది కరెంటు మీద నడుస్తాది," అంది. "నువ్వు పాడు."