తీపినీళ్లాయన

పొగిడితే పొంగిపోని మనిషి ఉండడంటారు. ఎక్కడైనా ఉన్నాడేమో గానీ, ఆ ఊరి నీళ్ల ట్యాంకు చూసుకునే మనిషి మాత్రం ఆ బాపతు కాదు. "నీళ్లు బాగున్నాయయ్యా" అని ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ఊరి ఏటిని తానే తవ్వించినట్టు మురిసిపోయేవాడు. ఊరంతా అతన్ని తీపినీళ్లాయన అని పిలిచేది. ఆ పేరు ఎలా వచ్చిందో ఊరందరికీ తెలుసు. ఎందుకు నిలిచిందో మాత్రం అతనొక్కడికే తెలుసు.

ట్యాంకు కట్టకముందు ఊళ్లో ఉన్నవన్నీ ఉప్పు బావులే. ఆ నీళ్లకి గింజ ఉడకదు, సబ్బు నురగ రాదు. మంచినీళ్ల కోసం ఆడవాళ్లు ఏటిదాకా నడిచి నడిచి మోకాళ్లు అరగదీసుకున్నారు. ఏళ్ల తరబడి కనిపించిన ప్రతి అధికారికీ దండం పెడితే, చివరికి గొట్టాలొచ్చాయి, ఇంటింటికీ కుళాయి వచ్చింది. ఏటి నీళ్లు ట్యాంకులోకి ఎక్కించడం, బకెట్లో బ్లీచింగు పౌడరు కలిపి, పైకి తేరిన నీళ్లు ట్యాంకులో పోయడం, ఆ తర్వాత వీధుల వాల్వులు తిప్పడం అతని పని.

మొదట్లోనే పేచీ వచ్చింది. "ఇవి నీళ్లా, ఫినాయిలా? నా టీ తాగినవాడు డాక్టరెక్కడ అని అడుగుతున్నాడు" అన్నాడు టీకొట్టాయన. ఇంత పోరాడి తెచ్చుకుంది ఈ కంపు తాగడానికా అని ఆడవాళ్లు మూతులు తిప్పారు. కొందరు బిందెలెత్తుకుని మళ్లీ ఏటి దారి పట్టారు. అతనికి తల కొట్టేసినట్టయింది. పౌడరు కాస్త తగ్గించాడు. పర్వాలేదన్నారు. ఇంకాస్త తగ్గించాడు. బాగున్నాయన్నారు. బొత్తిగా మానేశాడు. అమృతమన్నారు! ఆ రోజు నుంచీ పౌడరు బస్తాలు మోటారు గదిలో మూలపడి గడ్డకట్టాయి. అతను మాత్రం తలెత్తుకుని వీధుల్లో తిరిగాడు.

అందరికంటే ఎక్కువ పొగిడింది పాలక్క. కింది వీధిలో గేదెలు పెట్టుకుని, పాలు పోసుకుని బతికే మనిషి. కొడుకూ కోడలూ ఇటుకల బట్టీల్లో పనికి పోతే మనవరాలిని తనే సాకుతోంది. నీ పాలు బాగుంటాయక్కా అని ఎవరైనా అంటే, "నాదేముంది, అంతా మా తమ్ముడి నీళ్ల మహిమ" అనేది. పాలమనిషి అనాల్సిన మాటేనా అది అని జనం పడీ పడీ నవ్వేవాళ్లు. తమ్ముడంటే తోడబుట్టినవాడేం కాదు, నోటి వరస. కానీ ఆమె ఆ వరస నోటితోనే సరిపెట్టలేదు. అతని భార్యకి పురిటి సమయంలో ఇంటికొచ్చి వండి పెట్టింది.

వానలు పడ్డాయి. ఏరు ఎర్రగా మారింది. కింది వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆ వెంటనే పై వీధిలోనూ మొదలయ్యాయి. పాలక్క మనవరాలిని ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైను ఎక్కించారు. ప్రాణాలు పోలేదు, అదే పదివేలు. ఊరి పెద్ద అందర్నీ కూర్చోబెట్టాడు. కింది వీధి గొట్టం పాలక్క గేదెల పాక పక్కనుంచే పోతుంది. "పేడ నీళ్లు గొట్టంలోకి దిగుంటాయి" అన్నాడొకడు. అంతే, అందరూ అదే పాట అందుకున్నారు. పై వీధి గొట్టం ఆ పాక ఛాయలకి కూడా పోదని బాగా తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు.

నీళ్లు పరీక్ష చేసే అమ్మాయిని పట్నం నుంచి పిలిపిద్దామన్నారు. ట్యాంకు నీళ్లలో తప్పు లేదని తేలితే పాక పీకెయ్యాలన్నారు. గేదెల్ని కట్టేసుకోవడానికి పాలక్కకి వేరే జాగా లేదు. పాక పోతే గేదెల్ని అమ్ముకోవాలి. గేదెలు పోతే ఆమెకి తిండి లేదు.

ఆ సాయంత్రం పాలక్క మోటారు గది దగ్గరికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమో అనుకుని అతను లేచి నిలబడ్డాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"తమ్ముడూ, నీ మొహం చూడ్డానికి సిగ్గుగా ఉందిరా. బంగారం లాంటి నీళ్లు ఇస్తే, నా గేదెలు పాడుచేశాయి. నీ పేరు చెడగొట్టాను."

"ఊరుకో అక్కా" అన్నాడు. సిగ్గుపడాల్సింది ఎవరు, పడుతున్నది ఎవరు! ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెబితే ఉద్యోగం పోతుంది. అది పోయినా బతకొచ్చు, తీపినీళ్లాయన అన్న పేరు పోతే ఏ వీధిలో నడవాలి? అందుకని ఆమె చీకట్లో జాగ్రత్తగా వెళ్లాలని చెప్పాడు. చెప్పినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పరీక్ష రోజు తెల్లవారకముందే, గుట్టుగా తెచ్చుకున్న కొత్త బస్తా విప్పి పౌడరు కలిపాడు. భయపడ్డ చెయ్యి కదా, పాళ్లు కుదరలేదు. పొద్దున్న కుళాయి తిప్పినవాళ్లందరూ ముక్కులు మూసుకున్నారు. టీకొట్టాయన ఒక గుక్క పుక్కిలించి రోడ్డు మీదే ఊశాడు. "వానాకాలం కదా, పై అధికారుల ఆర్డరు" అని సర్దిచెబుతూ తిరిగాడు తీపినీళ్లాయన.

పరీక్షలమ్మాయి వచ్చింది. ఊరి పెద్దా, తీపినీళ్లాయనా, జనమూ ఆమె వెంట నడిచారు. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, పరీక్ష చుక్కలు వేసి ఊపింది. ట్యాంకు దగ్గర నీళ్లు పచ్చబడ్డాయి. పై వీధిలో పచ్చబడ్డాయి. పాలక్క ఇంటి కుళాయి దగ్గరా పచ్చబడ్డాయి. "బ్లీచింగు బాగానే అందుతోంది. కాస్త ఎక్కువే అయింది గానీ, ట్యాంకు తప్పేమీ లేదు" అంది.

ఊరి పెద్ద పాక వైపు చూశాడు. "విన్నావుగా, పాలక్కా."

"విన్నానయ్యా. పీకించేస్తాను" అంది ఆమె. కళ్లు తుడుచుకుని, వెంటనే తేరుకుంది. "పాపం ఈ అమ్మాయి ఎండలో తిరిగీ తిరిగీ వాడిపోయింది. ఉండమ్మా, నీళ్లు తెస్తాను."

లోపలికి వెళ్లి గ్లాసు నిండా తెచ్చింది. "ఇవాళ్టి కుళాయి నీళ్లు నోట్లో పెట్టుకునేలా లేవు. ఇవి నిన్న పట్టుకుని బిందెలో దాచినవి. మా తమ్ముడి నీళ్లంటే ఇవీ! ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు కాచి తాగమన్నారు గానీ, వీటిని కాచడమెందుకని పిల్లకి కూడా ఇవే తాగిస్తున్నా."

ఆ అమ్మాయి నవ్వి గ్లాసు అందుకుంది. పెదాల దాకా ఎత్తింది.

"తాగకమ్మా!"

ఆ కేక తనదేనని తీపినీళ్లాయనకి కాసేపటి దాకా తెలియలేదు. అప్పటికే ముందుకురికి గ్లాసు లాక్కున్నాడు. నీళ్లు ఆ అమ్మాయి చేతిమీదా, అతని చొక్కామీదా ఒలికాయి. అందరూ అతన్నే చూస్తున్నారు.

"అందులో పౌడరు లేదు. నిన్నా లేదు, మొన్నా లేదు. ఎప్పుడో మానేశాను. ఇవాళ ఒక్కరోజే కలిపాను, దొరికిపోతానని. పాక తప్పేమీ లేదు."

"ఎందుకు మానేశావయ్యా?" అన్నాడు ఊరి పెద్ద.

"నీళ్లు బాగున్నాయంటారని."

టీకొట్టాయనా, మూతులు తిప్పిన ఆడవాళ్లూ తల దించుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, పెద్ద పిడికెడు ఎవరిదో అక్కడ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎవరైనా చెంపమీద కొడితే బాగుండునని అతను నిలబడ్డాడు. ఎవరూ కొట్టలేదు.

పాలక్క గబగబా లోపలికి వెళ్లింది. మంచం పక్కన మనవరాలికోసం పెట్టిన గ్లాసులో నీళ్లు పారబోసిన చప్పుడు బయటికి వినిపించింది. తర్వాత బిందె చంకనెత్తుకుని గుమ్మంలోకి వచ్చి, నీళ్లన్నీ అతని కాళ్ల ముందు మట్టిలో వంపేసింది. ఖాళీ బిందె కింద పెట్టి, అతని మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఏదో అర్థంకాక అడుగుతున్నట్టుంది.

"ఈ అమ్మాయి ఎవరో ఏమిటో, పట్నం మనిషి. ఆమె తాగబోతే పరిగెత్తుకొచ్చావు. రోజూ నేను తాగితే చూశావు, మనవరాలికి తాగిస్తే చూశావు. మేం నీకు ఏం తక్కువ చేశాం, తమ్ముడూ?"

చివర్లో ఆ తమ్ముడూ అన్న మాటొక్కటి అనకుండా ఉంటే బాగుండుననిపించింది అతనికి.