గీత పెట్టని రాగిరేకు

యూదుల పుణ్యక్షేత్రం సఫేద్ సందుల్లో యాత్రికులకు దానిమ్మపండ్ల బొమ్మలు అచ్చువేసి అమ్ముకునే ఒస్నత్‌కి ఇన్నాళ్ళకి టెల్ అవీవ్‌లోని ఓ గ్యాలరీలో ప్రదర్శన కుదిరింది. రాగిరేకు మీద చెక్కి తీసిన అచ్చులు కూడా అనుకున్నట్టే వచ్చాయి. పొగలాంటి నీలం సుడులు, వాటి మధ్య ఈదులాడే నల్లని గీతలు. ఆ గీతలే హీబ్రూ అక్షరాలు. దేవుడి పేరులోని నాలుగూ ఉన్నాయి, దేని దారిన అది పోతున్నట్టు.

బొమ్మలు తీసుకెళ్ళడానికి వచ్చిన గ్యాలరీ కుర్రాడు గిలాద్, అచ్చులు పూర్తయ్యాయి గనక రాగిరేకు మీద అడ్డంగా గీత పెట్టమన్నాడు. మళ్ళీ ఇంకో కాపీ తీయకుండా ఈ పనిలో అందరూ చేసేదే. గీత పెట్టకపోతే ప్రదర్శన లేదన్నాడు.

ఒస్నత్ చెక్కే సూది పట్టుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. ఇంతకుముందు రేకుల మీద ఒకటో రెండో అక్షరాలు ఉండేవి. ఈసారి పని మీద మోజులో నాలుగూ చెక్కేసింది. ఆ పేరును చెరపకూడదని ఈ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఇలాంటివి తేల్చే మతగురువు రబ్బీగారు జలుబుతో మంచమెక్కారు. అందుకని పక్క ప్రార్థనాలయం చూసుకునే మెనాషెని పిలిచారు. ఆ పేరున్న చిరిగిన పుస్తకాలను మూటగట్టి, మనిషిని పూడ్చినట్టు శ్మశానంలో పూడ్చేది ఆయనే. అచ్చును కిటికీ దగ్గర పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, తలకిందులుగా కూడా చూశాడు.

"ఇక్కడ మేక కనబడుతోంది," అన్నాడు చివరికి. "అక్షరమైతే లేదమ్మాయ్. హాయిగా గీసుకో."

గిలాద్ నవ్వుతూ సూది అందించాడు. ఒస్నత్ అందుకోలేదు. మొహం కందిపోయింది.

"మేకేంటి బాబాయ్? అది హే అనే అక్షరం. ఇదిగో కాలు, ఇదిగో సందు. దాని పక్కన వావ్ నిలబడి ఉంది, కనబడట్లేదూ?"

ఊరుకుంటే గట్టెక్కేదని తెలిసీ ఊరుకోలేకపోయింది. ఒక్కో అక్షరాన్నీ వేలితో గాల్లో గీసి చూపించింది. నాలుగోది పూర్తయ్యేసరికి మెనాషె గబుక్కున అచ్చును బల్లమీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"చూపించేశావు కదా. ఇక కనబడకుండా ఎలా పోతుంది? చెక్కేటప్పుడు ఆ పేరనుకునే చెక్కావా? వేరే ధ్యాసలో చెక్కితే అది పేరు కింద లెక్క కాదు."

గిలాద్ ఆమె చెవిలో గొణిగాడు. "వంకాయ వేపుడు గురించి ఆలోచిస్తున్నానని చెప్పండి."

"ఆ పేరనుకునే చెక్కాను," అంది ఒస్నత్.

అయితే గీత మాట మర్చిపొమ్మన్నాడు మెనాషె. గిలాద్ బొమ్మలు మళ్ళీ అట్టపెట్టెలోంచి తీసి బల్లమీద పెట్టడం మొదలెట్టాడు. ఒస్నత్ వాటివైపు చూడకుండా రేకును తుడుస్తూ కూర్చుంది. కాసేపటికి తలెత్తి, మెనాషెని ఆయన పుస్తకాల మూటలో ఇంకొంచెం చోటుందా అని అడిగింది.

సాయంత్రం ముగ్గురూ శ్మశానానికి నడిచారు. చిరిగిన ప్రార్థన పుస్తకాల మధ్య రేకును పడుకోబెట్టి మెనాషె మట్టి కప్పాడు. ఇక కాపీలు తీసే వీల్లేదని గ్యాలరీ యజమానికి చూపించడానికి గిలాద్ ఫోటోలు తీసుకున్నాడు. అయినా అనుమానం తీరలేదు.

"ఎవరైనా తవ్వి తీస్తే?"

మెనాషె పార మీద గడ్డం ఆనించాడు. "చచ్చినవాళ్ళంతా లేచే రోజున ఇదీ లేస్తుంది నాయనా. అప్పుడు కావాలంటే ఇంకో కాపీ తీసుకో."

కొండ దిగుతూ ఒస్నత్ అడిగింది, నిజంగా మేకలాగే ఉందా అని. ఉందన్నాడు మెనాషె. మంచి మేకేనన్నాడు.