గొడుగు పట్టిన చెయ్యి

కల్లూరులో రామకోటయ్య పాత కాగితాల కొట్టులో ప్రసన్నకుమారి పదకొండేళ్లుగా పనిచేస్తోంది. వచ్చిన కాగితాలను వేరుచేసి కుప్పలు పెట్టడం ఆమె పని. కంటికి నచ్చిన బొమ్మ కనబడితే సేటును అడిగి ఇంటికి తెచ్చుకునేది. కత్తిరించి, అతికించి, ఇంకో బొమ్మ చేసేది. క్యాలెండరు మహారాజు నెత్తిమీద కిరీటం తీసేసి కుక్కరు పెట్టిననాడు వీధి వీధంతా పడీపడీ నవ్వింది.

మొన్న వేసవిలో నందికొట్కూరు వైపునుంచి కొట్టుకు నాలుగు మూటలు వచ్చాయి. ఆ వైపే ఉన్న ఆమె పుట్టినూళ్లో ఒక భూస్వామి ఉన్నాడు. రాజ్యాలు పోయి ఎన్నేళ్లయినా ఆయన్ను రాజావారనే పిలవాలి. డెబ్బయ్యో పుట్టినరోజుకు కిరీటం పెట్టుకుని సింహాసనమెక్కి, వంశచరిత్ర అంటూ రంగుల పుస్తకం అచ్చువేయించి పంచాడు. మిగిలినవే ఆ మూటల్లో తూకానికి వచ్చాయి.

పేజీలు తిప్పుతుంటే ఒక పాత ఫోటో దగ్గర ఆమె ఆగిపోయింది. గుర్రం మీద రాజావారు. ఆయనకు గొడుగు. గొడుగు పట్టిన మనిషిని మాత్రం ముంజేతి దగ్గరే కత్తిరించేశారు. ఆ చేతిమీద శిలువ పచ్చబొట్టు ఉంది. అది తన తండ్రి ఏసేపు చెయ్యి. ఫోటో కింద రాజావారి పేరు వేశారు, గుర్రం పేరూ వేశారు.

కొన్ని పుస్తకాలు అడిగి ఇంటికి తెచ్చింది.

"నాయనా, ఇది నువ్వే గదా?"

ఏసేపు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "నేనే. ఇరవై రెండేండ్లు ఆ గొడుగు పట్టినా. ఆయప్పకు నీడ, నాకు ఎండ" అన్నాడు, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు.

ఆ మామూలుతనానికే ఆమెకు ఒళ్లు మండింది. మూడు ఆదివారాలు గుడినుంచి రాగానే కత్తెర పట్టుకుని కూర్చుంది. తలుపంత అట్టమీద గుర్రాన్ని సింహాసనం ఎక్కించి కిరీటం పెట్టింది. రాజావారిని కింద నిలబెట్టి చేతికి గొడుగిచ్చింది. పత్రికల్లోని పెద్ద అక్షరాలు కత్తిరించి కింద అతికించింది: "గుర్రానికి పేరుంది. గొడుగు పట్టినాయనకు లేదా?"

బొమ్మను ఇంటిముందు, ఆటోలు తిరిగే దోవకు ఎదురుగా తగిలించింది. జనం ఆగి నవ్వారు, ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఆ ఫోటోలు ఆమె పుట్టినూరికి చేరాయి. మూడోనాడు రాజావారి మనిషి హనుమన్న, రామకోటయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎవరి ఉప్పు తిని పెరిగినావో మర్చిపోయినావా?" అన్నాడు హనుమన్న.

"ఊరికే పెట్టినారా అన్నా? మా నాయన చెయ్యి దించకుండా నిలబడితే పెట్టినారు."

హనుమన్న అట్టను లాగి రెండు ముక్కలు చేశాడు. రామకోటయ్య గొంతు తగ్గించి, "తప్పయిందని ఒక్క మాట చెప్పు తల్లీ. రేపు మామూలుగా పనికి రా" అన్నాడు.

"చెప్పను సేటూ."

"అట్లయితే ఇంక కొట్టుకు రావద్దు."

"రాను."

వాళ్లు వెళ్లిపోయారు. పదకొండేళ్ల పని ఒక్క మాటతో పోయింది. ఏసేపు చిరిగిన ముక్కలు ఏరుతూ, "ఆ పుస్తకాలు ఇంకా ఉండాయా?" అని అడిగాడు.

"ఉండాయి."

"అట్టమీద పెడితే పీకేస్తారు పాపా. గోడకే అంటిద్దాం."

ఆయనే మైదాపిండి ఉడకబెట్టాడు. ఈసారి బొమ్మ గోడంత అయింది. అందులో తన పేరు కూడా ఉండాలన్నాడు. అక్షరాలు తానే వెతికాడు. "సే" ఎక్కడా దొరక్కపోతే చీరల సేల్ కాగితం నుంచి కత్తిరించాడు.

వారానికి హనుమన్న నీళ్ల బకెట్టు, ఇనుప బ్రష్షుతో ఆటో దిగాడు. గోడ ముందు వీధి ఆడవాళ్లు పదిమంది నిలబడ్డారు. "యాడికప్పా? ముందు మమ్మల్ని దాటు" అంది పక్కింటి జీవమ్మ. అతను అదే ఆటోలో వెనక్కి పోయాడు.

ఆ నెలలోనే ప్రసన్నకుమారికి కర్నూలులో అట్టపెట్టెల కార్ఖానాలో పని దొరికింది. తొలివానకు గోడమీద రాజావారి మొహం వెలిసిపోయింది. ఆమె ఇంకో పుస్తకం తెరిచి, కొత్త రాజావారిని కత్తిరించి, గొడుగు నీడలో కాకుండా, మళ్లీ గొడుగు పట్టే చోటే నిలబెట్టింది.