ఓట్స్ గిన్నె పక్కన రెండు మాత్రలు

నిషిద్ధ మందు వాడాడని కార్సన్ మెలెంచుక్‌ను ఇరవై ఆటలకు నిషేధించిన వార్త వెలువడిన తరువాతి ఆదివారం, మా ఊరి ఐస్ హాకీ రింకులోని కాఫీ కౌంటరు దగ్గర మగవాళ్లు అతని పాత గోల్స్‌ను ఒక్కొక్కటిగా విచారణకు నిలబెట్టారు. విచారణ అన్నది నా మాట. వాళ్ల దృష్టిలో అది కాలక్షేపం.

లోర్న్ ధాన్యం గోదాములో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించినవాడు. టీవీలో గత సీజను ముఖ్యాంశాలు నడుస్తుంటే రిమోటు పట్టుకుని వెనక్కి తిప్పుతున్నాడు.

"ఇదిగో, ఇక్కడ చూడండి. మూడో పీరియడ్, ఆఖరి రెండు నిమిషాలు. అందరూ నాలుకలు బయటపెట్టి రొప్పుతుంటే వీడొక్కడు ఇంజను బిగించినట్టు దూసుకుపోతున్నాడు. మామూలు మనిషి వల్ల అవుతుందా ఇది?"

"నీ వల్ల కాదులే," అన్నాడు అతని స్నేహితుడు వాల్టర్. "కారు దిగి ఈ కౌంటరు దాకా వచ్చేసరికే నీకు ఆయాసం."

"నా సంగతొదిలెయ్. వాడి దవడ చూడు. పదిహేడేళ్లప్పుడు కోడిపిల్లలా ఉండేవాడు. పైగా మోకాలు పోతే ఎవరికైనా ఎనిమిది నెలలు పడుతుంది. వీడు నాలుగున్నరకే వచ్చి హ్యాట్రిక్ కొట్టాడు. మనం ఇక్కడ టీవీ ముందు ఆనవాయితీ తప్పకుండా టోపీలు కూడా విసిరాం, వెర్రిమొహాలం."

"లోర్న్," అన్నాను, "పదిహేడేళ్ల దవడ ఇరవై ఆరేళ్లకు వెడల్పు కావడాన్ని ఎదగడం అంటారు. నీకూ ఎప్పుడో జరిగే ఉంటుంది."

వాల్టర్ కౌంటరు చరిచి నవ్వాడు. లోర్న్ నవ్వలేదు.

"ఇర్మక్కా, నీ ఇంట్లో పెరిగినోడు, నీకు మండుతుంది, నాకు తెలుసు. కానీ మూత్రంలో దొరికినదాన్ని కూడా ఎదగడమే అంటావా?"

మా ఊరి జూనియర్ హాకీ జట్టుకు ఎంపికైన పిల్లలు పదహారేళ్లకే సొంత ఇల్లు వదిలి మా ఊరు వస్తారు. ఊళ్లోని కుటుంబాలు వాళ్లకు గదీ భోజనమూ ఇచ్చి, సీజను ముగిసే ఏప్రిల్ దాకా తల్లిదండ్రుల స్థానంలో నిలుస్తాయి. నేను ఈ ఊరి గ్రంథాలయాన్ని ఇరవై ఏడేళ్లు నడిపాను. నా భర్త పోయిన రెండవ శీతాకాలంలో కార్సన్ నా ఇంటికి వచ్చాడు, మూడు సీజన్లు ఉన్నాడు. నన్ను ఇర్మమ్మా అని పిలిచేవాడు. పెద్ద లీగ్‌లోకి వెళ్లాక కూడా, ప్రతి ఆట మరునాడూ ఫోను చేసేవాడు.

అందుకే అతని లాయరు నన్ను ఒక లేఖ అడిగాడు. అప్పీలు విచారణ గురువారం. ఆ అబ్బాయి చిన్ననాటి నుంచీ ఏ మందూ ముట్టనివాడనీ, ఇప్పుడు దొరికినది ఎక్కడో పొరపాటున కలిసిందనీ వాళ్ల వాదన. దానికి నా లేఖ పునాది. ఆ లేఖ నా సంచిలోనే ఉంది. తీసి వాళ్లకు వినిపించాను: "మూడేళ్లలో నా చేతి మీదుగా వెళ్లనిది ఏదీ ఆ అబ్బాయి నోటిలోకి వెళ్లలేదు."

ఆ వాక్యాన్ని నేను గర్వంగా చదివాను. దాచడం అనవసరం.

కౌంటరు వెనక కప్పులు తుడుస్తున్న డోరీన్ గుడ్డ కింద పెట్టింది. కార్సన్ నా ఇంట్లో ఉన్న రోజుల్లోనే ఆమె కూడా మరో ఆటగాడికి తన ఇంట్లో చోటిచ్చింది.

"ఇర్మా, ఆ ముక్క రాయకు."

"ఎందుకు రాయకూడదు?"

"బుధవారం సంచులు మర్చిపోయావా?"

మరిచిపోలేదు. ప్రతి బుధవారం జట్టు ట్రైనరు ఇంటింటికీ ఒక కాగితపు సంచి పంపేవాడు. పైన కుర్రాడి జెర్సీ నంబరు, లోపల వారానికి సరిపడా మాత్రలు. కీళ్ల బలానికి అని చెప్పేవాడు. రోజుకు రెండు, ఉదయం, తిండితో. ఇవ్వగానే ఫ్రిజ్ మీది కాగితంలో టిక్కు పెట్టాలి. నా కాగితంలో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండేది కాదు.

"అవి విటమిన్లు," అన్నాను.

"నేనూ అలాగే అనుకున్నా. మా ఇంట్లో ఉన్న కుర్రాడికి ఛాతీ వాచింది, ఆడపిల్లలా. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. డాక్టరమ్మకి ఒక మాత్ర చూపించా. పరీక్ష చేయించి ఆ మందు పేరు చెప్పింది. మిగతావన్నీ సింకులో పోసేశా."

ఆ పేరు డోరీన్ పలికింది. శుక్రవారం పత్రికలో కార్సన్ ఫొటో కింద అచ్చయిన పేరు అదే.

"నాకు ఎందుకు చెప్పలేదు, డోరీన్?"

"ఫైనల్స్ వారం అది. ఊరంతా కార్లకి జెండాలు కట్టుకుని తిరుగుతోంది. ఎవరికి చెప్పమంటావు? చెబితే నా కొట్టు మిగులుతుందా?"

లోర్న్ టీవీ ఆపేశాడు. "అక్కా, నేనేదో నోటి దురదతో..." అంటూ ఆగిపోయాడు. అతణ్ణి తప్పు పట్టడానికి నాకు అర్హత లేదని అప్పటికే తెలిసింది.

ఒక ఫిబ్రవరి ఉదయం నాకు స్పష్టంగా గుర్తుంది. కిటికీ అద్దాలకు లోపలివైపు మంచు కట్టింది. ఓట్స్ గిన్నె పక్కన నేను పెట్టిన రెండు మాత్రలను కార్సన్ అరచేతిలో పెట్టుకుని, "ఇర్మమ్మా, అసలివేంటి?" అని అడిగాడు. "జట్టు ఇచ్చింది. ప్రశ్నలు తరువాత, ముందు మింగు, బస్సు వస్తుంది," అన్నాను. అతను మింగాడు. ఊరి పిల్లలందరికీ తెలియనిదాన్ని పుస్తకంలో వెతుక్కోమని నేర్పినదాన్ని నేను. మందుల నిఘంటువు నా గ్రంథాలయంలోనే ఉండేది. దాన్ని తెరవడానికి రెండు నిమిషాలు పట్టేది.

ఆ సాయంత్రం నేనే ఫోను చేశాను.

"కార్సన్, ఇప్పుడు దొరికింది నీకు తెలిసే వేసుకున్నావా?"

"మోకాలికని ఇక్కడి ట్రైనరు ఇచ్చాడు. నేను అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"నేనెప్పుడూ అడగను, ఇర్మమ్మా. ఇస్తే వేసుకుంటా. అందరం అంతే."

"ఒకసారి అడిగావు. నా వంటింట్లో." బుధవారం సంచుల గురించి, డోరీన్ చెప్పినదాని గురించి మొత్తం చెప్పాను.

"సరే," అన్నాడు. "అయిపోయిందేదో అయిపోయింది. నువ్వు ఆ ఒక్క వాక్యం రాసెయ్ చాలు. మిగతాది లాయరు చూసుకుంటాడు."

"అది అబద్ధం."

"ఎవరికీ తెలీదు కదా."

"నాకు తెలుసు. మా ఊరి జట్టు ట్రైనరు ఎంతమంది పిల్లలకు పంపాడో ఎవరైనా చెప్పాలి. నేను ఇచ్చానని నేనే చెప్పాలి."

"నువ్వు నిజం చెబితే నీ మనసు తేలికవుతుంది. మరి నాకేం మిగులుతుంది?"

ఫోను పెట్టేసి కాగితం ముందు కూర్చున్నాను.

లేఖను తిరిగి రాశాను: ట్రైనరు పేరు, మాత్రల రంగు, సంచుల మీది నంబరు, నా టిక్కులు, కార్సన్ అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు. డోరీన్ పేరు రాయలేదు. అది ఆమె చెప్పుకోవలసిన విషయం. లాయరు ఆ లేఖ వాడనని చెప్పాడు. నేను విచారణ మండలికే నేరుగా పంపాను.

అప్పీలు కొట్టివేశారు. "చిన్న వయసు నుంచే అలవాటు" అన్న మాట తీర్పులోకి నా లేఖ నుంచే వెళ్లింది. నేను అలవాటు అని రాయలేదు, ఇచ్చాను అని రాశాను. పదిహేడేళ్లవాడి అరచేతిలో పెద్దవాళ్లు పెట్టినదాన్ని ఆ పిల్లవాడి అలవాటుగా రాసుకోవడానికి మండలిలోని ముగ్గురు విద్యావంతులకు సిగ్గు కలగలేదు. మా ఊరి పాత ట్రైనరు విరమించి సరస్సు పక్కన ఇల్లు కట్టుకున్నాడు. అతణ్ణి పిలిచి అడిగినవాళ్లు లేరు. పాత రికార్డులు దొరకడం లేదని జూనియర్ జట్టు ప్రకటించింది. వసంతంలో పెద్ద లీగ్ జట్టు కార్సన్ ఒప్పందాన్ని పొడిగించలేదు.

ఇరవై ఆటల నిషేధం ముగిసినా, సీజను ముగిసినా నాకు ఫోను రాలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వచ్చాడు. నేలమాళిగలో అతని పాత కిట్లు, పతకాలు రెండు పెట్టెల్లో ఉన్నాయి. వాటి కోసం. యూరప్‌లో ఏదో చిన్న జట్టు పిలిచిందనీ, వెళ్లేముందు అన్నీ తన తల్లిదండ్రుల ఇంట్లో పెట్టాలనుకుంటున్నాననీ గుమ్మంలోనే చెప్పాడు. బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. ఎప్పటిలాగే తల వంచి నేలమాళిగ మెట్లు దిగాడు. రెండుసార్లు ఎక్కి దిగి, పెట్టెలు కారులో పెట్టి, చేతులు కడుక్కోవచ్చా అని అడిగాడు. ఆ ఇంట్లో అతను అనుమతి అడగడం అదే మొదలు.

పొయ్యి మీద పెరోగీలు, బంగాళాదుంప ముద్ద కూరిన కజ్జికాయల్లాంటివి, ఉడుకుతున్నాయి. ఉల్లిపాయలు అప్పుడే వేగాయి. రెండు కంచాలు పెట్టాను.

"తిని వెళ్లు," అన్నాను.

"వద్దండీ. దారిలో తినేశాను."

అతను వచ్చిన దారిలో రెండు వందల పది కిలోమీటర్ల మేర గోధుమ చేలు తప్ప ఏమీ లేవు. ఆ దారిలో నేను నలభై ఏళ్లు కారు నడిపాను. ఆగి తినడానికి అక్కడ ఒక్క చోటు కూడా లేదు.

"మంచిది," అన్నాను.