బల్ల జరిపిన రోజు

“మూల మడిచి లోపలికి దోపు వాల్ట్రౌట్, పంచదార కారిపోతుంది,” అన్నారు మా మామగారు. మా అత్తవారి కిరాణా కొట్లో, అంటే ఎండ్రెస్ వారి కొట్లో, నేను పొట్లాలు కట్టడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. నా చేతి పొట్లం ఇంతవరకూ ఒక్కటి కారలేదు. అయినా ఆయన చెప్పడం మానలేదు, నేను “అలాగే మామయ్యా” అనడమూ మానలేదు. పొద్దున్నే పుల్ల క్యాబేజీ పీపా కడగాలి, పిండి సొరుగులు నింపాలి, రోజంతా బల్ల వెనక నిలబడి తూచాలి, సాయంత్రం నేల తుడిచి మేడెక్కి వంట చెయ్యాలి. జీతమా? కోడలికి జీతమేమిటి? “ఇంటి మనిషివి, నీ దగ్గర మాకు లెక్కలేమిటే?” అంటాడు మా ఆయన బుర్కార్ట్, ఎంతో ప్రేమగా. భర్త వ్యాపారంలో సాయం చెయ్యడం భార్య బాధ్యతని చట్టం కూడా అంటోందట. ఆ చట్టం రాసిన మహానుభావుడు చలికాలంలో ఒక్క పూటైనా ఉప్పు చేపల పీపాలో చెయ్యి పెట్టాడా అని నా అనుమానం.

ఆ కొట్లో నాకు అన్నిటికన్నా కంపరం పుట్టించేది బల్ల. గుండెల దాకా వచ్చే ఓక్ చెక్క బల్ల. దానికి అటు ఊళ్లో ఆడవాళ్లు, ఇటు సరుకులు, నడుమ మా మామగారు. ఏం కావాలన్నా అందరూ వినేలా నోరు విప్పి అడగాలి. ఆయన ఊరికే ఇవ్వరు కదా, ఓ మాట తగిలించి మరీ ఇస్తారు. “ఏం ఫ్రౌ హుమెల్, ఈ వారమూ మార్గరీనేనా? మీ ఆయనకి జీతం పెరిగిందన్నారే!” వెన్న కొనలేక చవక మార్గరీనుతో సరిపెట్టుకునే ఆవిడ ముఖం కందిపోయేది. వెనక నిలబడ్డ డాక్టరుగారి భార్య వెన్న ముద్ద కావాలని గట్టిగా అడిగేది. ఇక నెలసరి గుడ్డలు కావలసినవాళ్ల అవస్థ చూడాలి. మగవాళ్లిద్దరూ లోపలికి వెళ్లేదాకా ఆవాల సీసాల మీద అక్షరాలు చదువుతూ నిలబడి, ఆఖరికి చిన్న కాగితం మడత నా చేతిలో కుక్కేవాళ్లు. నలుగురు పిల్లల్ని కన్నవాళ్లు కూడా! ఆ కాగితం అందుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

కిందటి వసంతంలో ఒకరోజు ఊరి బయట మకాం వేసిన అమెరికా దండు నుంచి ఒక ఆఫీసరుగారి భార్య కారు దిగి మా కొట్లోకి వచ్చింది. వరస లేదు, నమస్కారం లేదు. గిరుక్కున బల్ల చుట్టూ తిరిగి లోపలికొచ్చి, నా పక్కనుంచే చెయ్యి చాపి, అరలోంచి జామ్ సీసా తీసుకుంది. దాన్ని వెలుతురుకి పట్టి చూసి, నచ్చక అక్కడ పెట్టేసి ఇంకోటి తీసుకుంది. మా కొట్లో ఊళ్లో ఆడది అలా చేసి ఉంటేనా! మా మామగారు మాత్రం నడుం వంచి తలుపు తీశారు. అయితే ఆవిడా డబ్బు కోసం కారులో కూర్చున్న మొగుణ్ణే పిలిచింది. అదీ చూశాను నేను. అమెరికా అంటే స్వర్గమని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆ చెయ్యి! ఎవర్నీ అడగకుండా అరలోకి వెళ్లిన ఆ చెయ్యి నాలుగు రోజులపాటు నా కళ్ల ముందే ఆడింది.

నూరెంబర్గులో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు అలాంటి కొట్టే ఒకటి చూశాను. బుట్ట పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లే తీసుకుని, తలుపు దగ్గర డబ్బు కట్టి పోవడమే. నేను బుట్ట పట్టుకుని మూడుసార్లు చుట్టూ తిరిగాను, ఏమీ కొనలేదు, కానీ నవ్వు ఆగలేదు. ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను.

మామగారు చెంచా కింద పెట్టేశారు. “అమెరికా వేషాలు! అమ్మేవాడికి గౌరవం లేదు, కొనేవాడికి మర్యాద లేదు. అటు రష్యావాడు, ఇటు అమెరికావాడు. ఇద్దరికీ యంత్రాలే దేవుళ్లు. నడుమ అసలైన పశ్చిమం మనం. రోము మనది, చర్చి మనది, సంగీతం మనది. వాళ్లకేముంది? ఫ్రిజ్ ఉంది!”

“యుద్ధంలో ఓడాం, చాలదూ? కొట్లో కూడా ఓడాలా?” అన్నాడు బుర్కార్ట్.

నేను పళ్లేలు తీశాను. యుద్ధం అయిపోయిన మరుసటేడు ఇదే పెద్దాయన అమెరికా సిగరెట్లు చాటుగా అమ్మి ఈ కొట్టుకి కప్పు వేయించాడు. గోడ మీద ఇప్పుడు శిలువ ఉన్నచోట అంతకుముందు ఏ నాయకుడి బొమ్మ ఉండేదో ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ రోజుల్లో ఈయనకి పశ్చిమమంటే శత్రువు. ఇప్పుడు పశ్చిమమంటే తనే. ఎప్పుడెక్కడ ఏ పశ్చిమం ఉన్నా, అందులో పొట్లాలు కట్టేదెవరో మాత్రం ఎవరూ చెప్పరు.

శరదృతువులో ఒక గురువారం తండ్రీకొడుకులిద్దరూ పశ్చిమాన్ని కాపాడడానికి ఏదో మహాసభకని బయల్దేరారు. శనివారం మధ్యాహ్నం దాకా రారు. చొక్కాలు ఇస్త్రీ చేసి, దారికి రొట్టెలు కట్టి పంపాను. రైలు కదిలింది. నేను స్టేషను నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను.

ఎదురింటి వితంతువు ఫ్రౌ ష్లేరెట్, ఫ్రౌ హుమెల్, నేను బల్లని తోశాం. కదలదే! వందేళ్లనుంచీ పాతుకుపోయింది. ఫ్రౌ ష్లేరెట్ వీపు ఆనించి, “నా మొగుణ్ణి కూడా పొద్దున్నే ఇలాగే లేపేదాన్ని” అంది. నవ్వు ఆపుకోలేక ముగ్గురం కూలబడ్డాం. మళ్లీ లేచి తోశాం. కిర్రుమంది, కదిలింది! తలుపు పక్క గోడకి చేర్చి దాని మీద గల్లాపెట్టె పెట్టాం. ద్రాక్షకోత బుట్టలు ఇంటింటా అడిగి తెచ్చాం. రాత్రంతా పంచదార, పిండి, బియ్యం పొట్లాలు కట్టి అరల్లో పేర్చాను. ఇది బెడిసికొడితే ఈ జన్మలో ఆ కొట్లో నా మాట చెల్లదు, గోదాములో ఉల్లిపాయలు ఏరుకుంటూ ముసలిదాన్నయిపోతాను. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా భయం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉంది.

తెల్లారి తలుపు తీస్తే ఆడవాళ్లు లోపలికొచ్చి, బల్ల లేని చోట వరసగా నిలబడిపోయారు.

“తీసుకోండమ్మా, మీ చేత్తోనే!” అన్నాను.

“ముట్టుకోవచ్చా?” అంది ఒకావిడ. ఇంకొకావిడ తన చేతిసంచీ నా దగ్గర పెట్టి, “ఇది ఖాళీ, ముందే చూసుకోండి, తరవాత అనుకోవద్దు” అంది. చర్చి ఫాదరుగారి వంటమనిషి ఆవాల సీసాని తలకన్నా పైకెత్తి పట్టుకుని నడిచింది, దొంగిలించడం లేదని అందరికీ తెలియాలట! అలా కాసేపు. తరవాత ఫ్రౌ హుమెల్ మార్గరీను తీసుకుంది. ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మం దాకా వచ్చి గబుక్కున వెనక్కి వెళ్లి బిస్కెట్లు కూడా తెచ్చుకుంది. మూల అరలో పెట్టిన నెలసరి గుడ్డల పెట్టెలు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి, ఒక్క కాగితం మడత లేకుండా. నాకు ఏడుపొచ్చింది, ఎగిరి గంతెయ్యాలనీ అనిపించింది. సాయంత్రానికి పక్క వీధులవాళ్లు కూడా వచ్చారు.

శనివారం మగవాళ్లు తిరిగొచ్చేసరికి కొట్లో అడుగు పెట్టే సందు లేదు. మామగారు టోపీ తియ్యడం మరిచిపోయారు.

“అమెరికా!” అన్నారు. “నా కొట్లో అమెరికా!”

“కాదండీ, ఇది మా తోట బుట్ట,” అంది ఫ్రౌ ష్లేరెట్.

బుర్కార్ట్ గల్లాపెట్టె తెరిచి చూశాడు. తండ్రి చెవిలో ఏదో చెప్పాడు. పెద్దాయన టోపీ తీసి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా మొదలుపెట్టారు. “నిజానికి ఇది అమెరికావాళ్లు కనిపెట్టింది కాదమ్మా. పూర్వం మన సంతల్లో ఇలాగే ఏరుకునేవాళ్లు. అసలు ఇది మన పశ్చిమ సంప్రదాయమే. నేను ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.”

“చూశావా, నాన్న ఎంత పెద్ద మనసుతో ఒప్పుకున్నారో!” అన్నాడు బుర్కార్ట్ నాతో. “కృతజ్ఞతలు చెప్పు. లే, గల్లా దగ్గర నేను కూర్చుంటాను. నువ్వు మేడ మీదికెళ్లి వంట చూడు, రైల్లో ఏమీ తినలేదు.”

లేచాను. మేడ మెట్ల వైపు కాదు. ఒక బుట్ట తీసుకుని అరల మధ్యకి వెళ్లాను. తొమ్మిదేళ్లుగా సర్దిన అరల్ని మొట్టమొదటిసారి కొనుక్కునే మనిషిలా చూశాను. మంచి సబ్బు ఒకటి తీసుకున్నాను, వాసన చూసి అది పెట్టేసి ఇంకోటి తీసుకున్నాను. చాక్లెట్ తీసుకున్నాను. పట్టు మేజోళ్ల జత కూడా తీసుకున్నాను. ఫ్రౌ హుమెల్ వెనక వరసలో నిలబడి, నా వంతు వచ్చాక బుట్ట మా ఆయన ముందు పెట్టాను.

“ఏమిటిది?” అన్నాడు.

“కొనుక్కుంటున్నాను.”

“మన కొట్లో నువ్వు కొనుక్కోవడమేమిటే? నీకు డబ్బెక్కడిది?”

“జీతంలో పట్టుకో.”

“ఏ జీతం?” అన్నాడు, నిజంగానే అర్థంకాక.

కొట్లో ఆడవాళ్లంతా బుట్టలతో అక్కడికక్కడే ఆగిపోయారు.

“ఇంకోసారి అడుగు బుర్కార్ట్,” అన్నాను. “వెనకవాళ్లకి వినపడలేదు.”