పిచ్చుక గడి

పళ్ల ఆస్పత్రి కంప్యూటరాయన కట్టిన హాజరు పేజీ ఒక్కనాడూ ఆగి ఎరగదు. ఆగిందని ఎవరైనా రుజువు చేస్తే నా మీసం తీయించుకుంటాను.

గుమ్మానికెదురుగా గోడ మీద ఆ పేజీ కనిపించే పెద్ద తెర. అందులో పనిచేసేవాళ్లకి మనిషికొక గడి, ఇరవైమూడు. వచ్చినవాళ్లు కార్డు చూపిస్తే వాళ్ల గడి పచ్చబడుతుంది. మొదట్లో అతను ఒక్కొక్కరికీ ఒక్కో ఆజ్ఞ రాస్తూ కూర్చున్నాడు. కట్టుడుపళ్లు చేసే అమ్మాయి, అందరూ పిచ్చుక అని పిలిచే మనిషి, వెనకనుంచి చూసి పకపకా నవ్వింది.

"ఏంటి సార్, ఒక్కొక్కరిని పిలవడానికి ఒక్కో నోరు పెట్టుకుంటారా? నోరొక్కటే, పేరు మారుతుంది!"

అంతే. పేరు వేసుకునే ఖాళీ డబ్బాలాంటి వేరియబుల్ ఒకటి పెట్టాడు. అందులో ఏ పేరు పడితే ఆ గడిని పిలిచే ఆజ్ఞ ఒక్కటే రాశాడు. పరీక్షకని ముందుగా "పిచ్చుక" అని వేశాడు. తర్వాత తీయబుద్ధి కాలేదు. రోజూ పొద్దున్నే పేజీ ముందుగా ఆమెను పిలిచి, ఆ తర్వాతే మిగతా లోకాన్ని పట్టించుకునేది.

ఆమె వేరే ఊరి ఆస్పత్రికి మారిపోయింది. చెప్పాలనుకున్నది చెప్పకుండా, "వెళ్లొస్తారా" అని మాత్రం అన్నాడు. ఆమె గడిని తీసెయ్యలేక, కనపడకుండా దాచాడు. ఏడాదిన్నరగా అది ఎవరికీ కనపడకుండానే రోజూ పేజీ పిలుపుకు పలుకుతూ వచ్చింది.

మొన్న పెద్ద డాక్టరు, "కొత్తమ్మాయి వస్తోంది, పాత గళ్లు ఊడ్చెయ్యవయ్యా" అన్నాడు. సాయంత్రం దాకా అతనికి చెయ్యి రాలేదు. చివరికి కళ్లు మూసుకుని తీసేశాడు. గడి పోయింది గానీ పేరు డబ్బాలోనే ఉండిపోయింది. ఆ సంగతే మరిచాడు.

తెల్లారి పేజీ లేచి పిచ్చుకను పిలిచింది. పలికే గడి లేదు. అక్కడే చతికిలబడింది. ఇదిగో మీసం, మంగలిని పిలవండి!

"దున్నపోతులా ఎదురుగా నిలబడితే లేనంటుందేంటయ్యా నీ తెర!" పెద్ద డాక్టరు అరిచాడు.

రిసెప్షన్ అక్క కళ్లజోడు సవరించుకుని, అతని కంప్యూటర్‌లో ఎర్రగా కనిపిస్తున్న వరస పైకే చదివింది. "పిచ్చుక దొరకలేదు."

దవడలు పట్టుకున్న రోగులు కూడా అతని వైపు తిరిగారు. అతని చెవులు కందిపోయాయి.

"ఇన్నాళ్లూ పేజీ చేత పిలిపించావు గదా తమ్ముడూ," అక్క మెల్లగా అంది. "ఇక నువ్వే పిలువు."

ఆ పేరు తీసి పేజీని లేపాడు. మెట్ల కిందికి వెళ్లి ఫోనులో ఆమె నంబరు నొక్కాడు. ఆమె ఒక్క మోతకే ఎత్తింది.

ఆ ఎత్తడం మాత్రం నా కల్పన. నేను చూసినంతసేపూ ఫోను మోగుతూనే ఉంది, అతను దాన్ని చెవి నుంచి దించలేదు.