పాడె ఎటు తిప్పాల

దాసన్న పోయిన రోజు పాడె లేచింది గానీ, ఎటు పోవాలో ఎవరికీ తెలియలేదు.

కాలనీ ఆర్చి దాటగానే ముందు నడుస్తున్న డప్పు ఆగిపోయింది. పాడె ముందు కొమ్ము మోస్తున్న నరసింహ మెడ తిప్పి, "ఏమప్పా, పాడె ఎటు తిప్పాల?" అన్నాడు. ఎడమ పక్క కంచె, దాని వెనక సోలార్ పలకలు. కుడి పక్క కంచె, దాని వెనక ఎవరిదో పట్టా భూమి. ఎదురుగా రాయచోటి రోడ్డు మీద లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి.

నాగజ్యోతి పాడె వెనకే నడిచి వచ్చింది. ఆమె కాలనీ బడిలో టీచరు. మొగుడి పాడె వెంట ఆడది రాకూడదని ఎవరో గొణిగితే వినిపించుకోలేదు. పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని టీ అడిగాడు. ఆమె గ్లాసు తెచ్చేలోగా తల వాల్చేశాడు. ఆ గ్లాసు ఇంకా అరుగు మీదే ఉంది.

వాళ్ళ ఊరు కోనంపల్లె. ఇప్పుడు దాని మీద రిజర్వాయరు నీళ్ళు నిలిచి ఉన్నాయి. అక్కడ శ్మశానాలు మూడు ఉండేవి. రైతులది వాగు గట్టున, ఊరి బయటి వాడ వాళ్ళది బీడులో, సాయిబులది చింతల కింద. పాడె ఎటు తిప్పాలని ఆ ఊళ్ళో ఎవరూ అడిగి ఎరగరు.

ఊరు మునగబోయే ముందు కొత్త కాలనీ కోసం గ్రామసభ పెట్టారు. ప్రదీప్‌కుమార్ అనే అధికారి గోడకు రంగుల పటం తగిలించాడు. "ఇది ఈ ప్రాంతం మొత్తానికి ప్లాన్. తెల్లగా ఉన్నది మీ కాలనీ. పసుపు పరిశ్రమలకు. పచ్చది పార్కు. ఇంకేం కావాలో ఇప్పుడే చెప్పండి. తర్వాత మార్చడానికి ఉండదు," అన్నాడు. జనం గుడి అడిగారు, మసీదు అడిగారు, చర్చి అడిగారు, పశువులకు నీళ్ళతొట్టి అడిగారు. దాసన్న లేచి, "సార్, ఇంకొకటుండాది. మనిషి సచ్చిపోతే..." అన్నాడు. అప్పుడే కొబ్బరికాయ కొట్టి ఉన్నారు. పక్కనే కూర్చున్న మేనత్త సిద్దమ్మ అతని చొక్కా పట్టి కిందికి లాగింది. "కొత్త ఊరికి కాయ కొట్టినంక ఆ మాటేందిరా నోట్లో?" సభంతా ఆమె పక్షమే. ఏ సంగతిలోనూ కలవని రైతులూ, వాడవాళ్ళూ, సాయిబులూ ఆ మాట ఎత్తకపోవడంలో మాత్రం కలిశారు. అట్లా పటంలో శ్మశానం లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ సిద్దమ్మే పాడె పక్కన నిలబడి, "దించండి నాయనా, వాన్ని పిలవల్ల," అంది. సగం దోవలో పాడె దించి, పోయిన మనిషిని చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. లేస్తాడేమోనని ఆఖరి ఆశ.

"సగం దోవ యాడ వచ్చె అవ్వా?" అన్నాడు నరసింహ. "కడ యాడో తెలిస్తే గదా సగం తెలిసేది?"

భుజాలు నొప్పెట్టి పాడెను కంకర మీదికి దించారు. ఆ సమయానికి భూపేష్ బుల్లెట్ మీద వచ్చి ఆగాడు. పాత ఊళ్ళో వాళ్ళది పెద్ద రైతు కుటుంబం. ఇప్పుడు సోలార్ కంపెనీకి కంచెలు వేసే కాంట్రాక్టు అతనిదే.

"రోడ్డు మింద ఏందప్పా ఇది? ట్రాక్టరు పంపిస్తా, రాయచోటికి తీసకపోండి. డీజిలు నాది."

"మీ నాయన్ను యాడ పూడ్చినావు భూపేషన్నా?" గుంపులోంచి ఎవరో అడిగారు.

"మా తోటలో."

"తోట ఉండేటోనికి తోట. మాకు ట్రాక్టరు. బాగుండాది."

నవ్వు లేచింది. పాడె దగ్గర నవ్వకూడదు, అయినా లేచింది.

"నవ్వండప్పా, నవ్వండి," అంది కృపమణి. వాడలో కూలి పని చేసుకునే మనిషి. ఆమె మొగుడు గడ్డపార పట్టుకుని పక్కనే ఉన్నాడు. "మా అత్త సచ్చిపోతే మీలో ఒక్కరన్నా వచ్చినారా? జాగా లేక కాలవ గట్టున పూడ్చుకుంటిమి. కాలవ పనోళ్ళు జేసీబీతో ఎత్తి పారబోసిరి. మా అత్త చీరను నేను గుర్తుపట్టినా. ఎముకలు ఏరి, గోతంలో కట్టి మళ్ళా ఆ గట్టునే పెట్టినా. ఆ పొద్దు మీకెవరికీ శ్మశానం గుర్తుకు రాల్యా. ఈ పొద్దు రైతు సచ్చిపోతే వచ్చిందా?"

"ఇప్పుడా మాటలేంటికి మేయ్?" అన్నాడు నరసింహ.

"ఇప్పుడు గాక ఎప్పుడు? బొంద తవ్వేకి మావోళ్ళను పిల్చకొస్తివి గదా. చెప్పు, యాడ తవ్వాల?"

గుంపు రెండుగా విడిపోయింది. రైతులు ఒక పక్క, వాడ వాళ్ళు ఒక పక్క. మధ్యలో పాడె. నాగజ్యోతి ఆ ఖాళీలోకి వచ్చి నిలబడింది. బడిలోనైనా ఆమె గొంతు పెంచదు.

"కృపమణి చెప్పింది నిజం. మూడు శ్మశానాలు మనకెవరూ ఇయ్యరు. ఒక్కటి అడుగుదాం. దాంట్లో రైతుల మూల, వాడ మూల ఉండగూడదు. ఒప్పుకుంటే పాడె ఎత్తండి. లేకుంటే ఆయన్ను ఇంటికి తీసుకుపోతా."

"వాళ్ళ పక్కన మేం పండుకోవాల్నా?" అన్నాడు పెద్దసుబ్బయ్య.

సిద్దమ్మ అతని మీదికి తిరిగింది. "లాటరీ తీసి ఇండ్లు పక్కపక్కన ఇస్తే నోరు మూసుకోని ఉండావే! బతికి పక్కన ఉండేటోనివి, సచ్చినంక నీకేం నొప్పిరా సుబ్బయ్యా?"

కట్టెల మిషను మాబు గడ్డం నిమురుకుంటూ, "మావోళ్ళ మొగం పడమరకు తిప్పుకునే వీలుంటే చాలు టీచరమ్మా," అన్నాడు.

"ఒప్పుకుంటిమి. యాడ మరి?" అన్నారు రెండు పక్కల వాళ్ళూ.

నాగజ్యోతి రోడ్డుకు అవతల ఉన్న సర్కారు బీడు చూపించింది. పటంలో పచ్చరంగు వేసి పార్కు అని రాసిన చోటు. ఆ పొద్దు అక్కడ షామియానా వేసి ఉంది. కంపెనీ సబ్‌స్టేషనుకు భూమిపూజ.

కడ తెలిసింది గనక సగం కూడా తెలిసింది. పాడెను రాయచోటి రోడ్డు నడిమధ్యన దించారు. లారీలు రెండు పక్కలా ఆగిపోయాయి. సిద్దమ్మ వంగి, "దాసన్నా! ఒరే దాసన్నా!" అని పిలిచింది. మూడో పిలుపుకు ఆమె కొంగు నోట్లో కుక్కుకుంటే కృపమణి పిలిచింది. ఆయన లేవలేదు. పాడె లేచింది.

షామియానా ముందు ప్రదీప్‌కుమార్ చేతులు అడ్డం పెట్టాడు. "టీచర్ గారూ, మీరు ప్రభుత్వ ఉద్యోగి. ప్లాన్ ఆమోదమైంది. అందులో శ్మశానం లేదు."

"సబ్‌స్టేషను ఉందా సార్?"

"దానికి... సవరణ చేశాం."

"అయితే మార్చవచ్చు," అంది నాగజ్యోతి.

పూజారి అప్పుడే కాయ కొట్టాడు. సిద్దమ్మ ఆ పగిలిన చిప్పల ముందుకు పోయి నిలబడింది. "కాయ కొట్టినంక అనగూడదని వాని నోరు నేనే మూయించినా. ఈ పొద్దు కాయ ముందరే అంటాండా. శ్మశానం! మాకు శ్మశానం కావల్ల!"

పూజారి చెవులు మూసుకున్నాడు. జనం కూడా ఒక్క క్షణం జంకారు. తర్వాత కృపమణి అంది, మాబు అన్నాడు, చివరికి పెద్దసుబ్బయ్య కూడా అన్నాడు. డప్పు అందుకుంది. ఎవరూ నోట పలకని మాట నినాదమై బీడంతా తిరిగింది.

కృపమణి మొగుడు గడ్డపార ఎత్తబోతే నరసింహ దాన్ని అందుకున్నాడు. "ఇయ్యప్పా. ఈ పొద్దు మొదటి పోటు మాది." నేల గట్టిది. రాయి తగిలి నిప్పులు రాలాయి. ఒకరు అలిసిపోతే ఒకరు, ఏ వీధి వాడని చూడకుండా తవ్వారు.

సగం మట్టి పడేసరికి పోలీసు జీపులు వచ్చాయి. శవాన్ని బయటికి తీయమన్నారు. జనం బొంద చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. ఆ చేతుల్ని విడదీయలేక పోలీసులు నరసింహను, కృపమణిని లాక్కుపోయారు. జీపులోంచి కృపమణి అరిచింది: "టీచరమ్మా, సగమే పూడ్చినాం! నింపండి!"

నింపారు. మూడో నాడు కంపెనీ మనుషులు వచ్చి షామియానా ఊడదీసుకుని పోయారు. భూపేష్ దింపించిన కంచె కడ్డీలు మాత్రం అక్కడే ఉన్నాయి. జనం వంతులు వేసుకుని బీడుకు కాపలా కాస్తున్నారు. నాగజ్యోతి బడి వదలగానే తన వంతుకు వస్తుంది.

నరసింహ, కృపమణి ఇంకా కడప జైల్లోనే ఉన్నారు. పటంలో ఆ చోట శ్మశానం అని ఇంకా రాయలేదు. కాలవ గట్టున ఉన్న కృపమణి అత్తను ఇంకా ఇటు తీసుకురాలేదు.